ఫ్లెక్సీలో ఆఖరి వరుస

కొత్త సినిమా రిలీజైనప్పుడు సెంటర్లో కట్టే ఫ్లెక్సీని ఈసారి కింది నుంచి పైకి చూడండి. అందరూ పై నుంచి కిందికి చూస్తారు కాబట్టి చూపు హీరో మొహం దగ్గరే ఆగిపోతుంది. కింద మూడు నాలుగు వరుసల్లో పాస్‌పోర్ట్ సైజు మొహాలు ఉంటాయి. నల్ల కళ్లజోడు పెట్టుకుని ఒకడు, ఎవరి పెళ్లి ఫొటోలోంచో కత్తిరించిన పట్టుచొక్కాలో ఒకడు, ఫోన్ చెవికి ఆనించి ఏదో పెద్ద సెటిల్‌మెంట్ మాట్లాడుతున్నట్టు ఒకడు. ప్రతి మొహం కింద పేరు. కొందరికి పేరు పక్కన పనో, పేటో. చదువుకున్నవాళ్లు నవ్వుకునేది సరిగ్గా ఈ వరుసల్ని చూసే. ‘వీడి మొహం చూసి ఎవడెళ్తాడ్రా సినిమాకి’ అని.

నాకు మాత్రం అభిమానం గుట్టంతా ఆ వరుసల్లోనే ఉందనిపిస్తుంది. హీరో ఆ ఫ్లెక్సీని చూడడు. చూడడని కట్టినవాళ్లకీ తెలుసు. చూడాల్సింది ఎదురుగా టీ కొట్టు బాబాయ్, పదో తరగతిలో పనికిరావన్న మేష్టారు, పిల్లనివ్వనన్న మేనమామ. తమ ఊళ్లో, రోజూ నడిచే సెంటర్లో, నలుగురి పక్కన తన మొహం ఉండాలి. పైన హీరో బొమ్మ ఉంటేనే ఆ పని కుదురుతుంది. ఊరికే పదహారు మంది కుర్రాళ్లు తమ ఫొటోలు వేసుకుని సెంటర్లో కట్టుకుంటే మునిసిపాలిటీ వాళ్లు సాయంత్రంలోపు పీకేస్తారు.

మాది పాలకొల్లు. అల్లు రామలింగయ్యనీ దాసరి నారాయణరావునీ కన్న ఊరు కాబట్టి సినిమా పిచ్చి మాకు నీళ్లలోనే ఉంది. మా అన్నయ్య ఇంటర్ తప్పి, ఇంట్లో మొహం చెల్లక బయట తిరుగుతున్న ఏడాది, ఒక ఫ్లెక్సీలో ఆఖరి వరుసలో కుడివైపు చివర అతని ఫొటో వచ్చింది. చందా తక్కువిచ్చాడు కాబట్టి చివర. ఆ వరుసలకో లెక్కుంటుంది: ముందు చందా, తర్వాత సీనియారిటీ, ఆ తర్వాత టౌన్ ప్రెసిడెంట్‌తో చనువు. ఎవరి ఫొటో ఎవరికంటే కాస్త పెద్దదైనా ప్రింటింగ్ షాపులో డిజైన్ చేసే కుర్రాడి ప్రాణం తోడేస్తారు. నాన్న కొన్నాళ్లు ఆ సెంటర్ మీదుగా వెళ్లడం మానేసి చుట్టు తిరిగి వెళ్లేవారు. అమ్మ కూరగాయలకని వెళ్లి, నిలబడి చూసొచ్చింది. ‘ఫొటో బానే వచ్చిందిరా, తలే దువ్వుకోలేదు’ అంది. ఆ ఏడాది ఇంట్లో అతనితో కోపం లేకుండా అన్న మాట బహుశా అదొక్కటే.

ఇక్కడితో ఆపితే పాతరోజులే బంగారం అన్నట్టుంటుంది. అవేం బంగారం కాదు. ఆ వరుసల్లో వెతికినా ఒక్క ఆడమొహం కనపడదు. ఏ హీరో ఫ్లెక్సీలో ఎవరి కుర్రాళ్లు మధ్యలో ఉంటారో, ఎవరు అంచుకి పోతారో కోస్తా జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ప్రాణాలు కూడా పోయాయి. 2020 సెప్టెంబరులో కుప్పం ప్రాంతంలో హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు, 2023 జూలైలో నరసరావుపేట దగ్గర మరో హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు కరెంటు తీగలు తగిలి చనిపోయారు. ఇంతచేసీ ఆ వరుసలోని స్నేహాలన్నీ కలకాలం నిలిచాయా అంటే అదీ లేదు. అన్నయ్యనే అడిగాను. ‘అందులో ఇద్దరు కువైట్ వెళ్లిపోయారు, ఒకడు చీటీ డబ్బులు ఎగ్గొట్టి కనపడ్డం మానేశాడు, ఇద్దరితో ఇప్పటికీ రోజూ మాటలున్నాయి’ అన్నాడు. రోజూ మాటలున్నవాళ్లు ఇద్దరు. ఈ ఇద్దరి సంగతి గుర్తుంచుకోండి.

మా అమ్మ కాలంలో ఆడవాళ్ల పేరు ఊరిమీద వినపడే దారి ఒకటుండేది, రేడియో. వివిధ భారతి జనరంజనిలో పాటకి ముందు కోరినవాళ్ల పేర్లు చదివేవారు. పేరు, వెంటనే ఊరు. ఒక్కో పాటకి ఎంతమంది పేర్లో! పాటకంటే పేర్ల జాబితానే పొడుగనిపించేది. అమ్మ పోస్టుకార్డు రాస్తే ఒకసారి ఆమె పేరు, ఊరు చదివారట. పక్కింటి అత్తయ్యగారు గోడమీంచి ‘నీ పేరేనా?’ అని అడిగారట. ఇప్పటికీ చెప్పుకుంటుంది. వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలుండేవి, అందులో ఏకంగా ఇంటి చిరునామానే అచ్చేసేవారు. ఇవాళ ఒక అమ్మాయి అడ్రస్ అలా బయటపెడితే ఏమవుతుందో ఆలోచిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

నేను ఆన్‌లైన్ అభిమానిని. ఎవరికి అన్నది చెప్పను. చెబితే మిగతా హీరోలవాళ్లు ఇక్కడే చదవడం ఆపేస్తారు, మావాళ్లు చదవకుండానే షేర్ చేసేస్తారు. అకౌంట్ తెరిచిన రోజే డీపీగా హీరో ఫొటో పెట్టుకున్నాను, పేరు దగ్గర సినిమాలోని ఓ పాత్ర పేరు పెట్టుకున్నాను. ఆడపిల్ల అని తెలిస్తే ఇన్‌బాక్స్ ఏమవుతుందో తెలుసు. అంచేత అందరికీ నేను ‘బ్రో’నే. ‘బ్రో, నువ్వు కేక’, ‘బ్రో, ఎడిట్ అదిరింది’. ఆ ముసుగు లేకపోతే నేనా గుంపులోకి అడుగే పెట్టేదాన్ని కాదు, కాబట్టి దాన్ని తిట్టను. ఫ్లెక్సీ నన్ను రానివ్వలేదు, ఫోన్ రానిచ్చింది. కాకపోతే రానిచ్చాక లోపల ఏముందో చెప్పాలి.

ఒకే హ్యాష్‌ట్యాగ్‌తో అందరూ ఒకేసారి ట్వీట్లు వేసే ట్యాగ్ రాత్రి ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలీదు. హీరో పుట్టినరోజుకి నెలముందు నుంచే గ్రూపులో హడావుడి. అందరూ పెట్టుకునే కామన్ డీపీ డిజైన్ ఎవరిది, దాన్ని ఏ సెలబ్రిటీతో రిలీజ్ చేయించాలి అని. ట్యాగ్ ఏమిటన్నది చివరి నిమిషం దాకా రహస్యం. ట్రెండింగ్ లెక్క మొత్తం ట్వీట్లని బట్టి కాకుండా ఉన్నట్టుండి ఎంత ఊపందుకుందన్నదాన్ని బట్టి నడుస్తుంది, ముందే ఎవరైనా వాడేస్తే ఆ ఊపు చచ్చిపోతుంది. అడ్మిన్ పిన్ చేసిన మెసేజ్ ఉంటుంది: స్పెల్లింగ్ మార్చొద్దు, ఒకే ట్వీట్ కాపీ పేస్ట్ చేయొద్దు, ఒట్టి ట్యాగ్ వేయొద్దు, వేరే హీరో పేరు ఎత్తొద్దు, నో ఆఫ్ టాపిక్, అంటే హీరో సంగతి తప్ప వేరే మాట వద్దు. సాయంత్రం ఆరింటికి ట్యాగ్ వదులుతారు. ఇక వేళ్లు నొప్పులు. 2020లో, కరోనా రోజుల్లో, తెలుగు హీరోల పుట్టినరోజు ట్యాగులతో ట్వీట్లు ఒక్క రోజులో 6 కోట్లు దాటాయని లెక్కలొచ్చాయి. అప్పుడు నేను బెంగళూరులో ఒక పీజీలో ఉన్నాను. రూమ్మేట్లు ఊళ్లకి వెళ్లిపోయారు. మెస్ మూసేశారు, మ్యాగీ మీద బతుకు. ఆ రాత్రి నేనొక్కదాన్నీ గదిలో ఉన్నట్టే అనిపించలేదు. నిజంగా. అంతమంది ఒకే మాట అంటుంటే అందులో మన గొంతూ ఉందంటే ఒంట్లో ఏదో పాకుతుంది. దాన్ని భ్రమ అని కొట్టిపారేసేవాళ్లు ఎప్పుడూ ఆ గుంపులో లేనివాళ్లు.

తర్వాత టైమ్ అయిపోతుంది. స్క్రీన్‌షాట్లు, ‘రికార్డు కొట్టాం’, పది నిప్పు ఎమోజీలు. ఒంటిగంటకి గ్రూపు నిద్రపోయింది. నాకు జ్వరం తగిలినట్టుంది ఆ రాత్రి, ఆ రోజుల్లో జ్వరమంటే ఎంత టెన్షనో తెలిసిందే. గ్రూపు తెరిచి ‘ఒంట్లో బాలేదు’ అని టైపు చేశాను. ఎవరికి చెబుతున్నాను? వేలమంది ఉన్నారు. అందరికీ ఒకటే మొహం, హీరో మొహం. చెరిపేసి పడుకున్నాను.

రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజికవేత్త 1973లో ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశాడు. నలుగురిలో మనకంటూ చోటు లేకపోవడం ఒకటి. మనసు విప్పుకునే దగ్గరి మనిషి లేకపోవడం రెండోది. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదన్నాడు. ట్యాగ్ రాత్రి నాకు మొదటిది పూర్తిగా తీరింది. ఒంటిగంటకి మిగిలింది రెండోది.

అభిమానుల గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు తరచుగా తెచ్చే ఇంకో మాట ఉంది. తెరమీద కనిపించేవాళ్లతో చూసేవాళ్లు ఒకవైపు నుంచే పెంచుకునే చనువు గురించి డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే, టీవీ కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో రాశారు. అప్పట్నుంచీ అభిమాని అంటే హీరో తనకి చుట్టమనుకునే అమాయకుడని ఒక బొమ్మ స్థిరపడిపోయింది. నాకు తెలిసిన అభిమానుల్లో అలా అనుకునేవాళ్లు చాలా తక్కువ. హీరోకి మనం తెలీదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, దానికి ఎవరూ బాధపడరు. ఒకవైపు సంబంధం ఉన్నది తోటి అభిమానులతో. గ్రూపులో పెద్దగా మాట్లాడేవాళ్లు ఇరవైమంది ఉంటారు. వాళ్ల జోకులు, అలకలు, ఎవరికి ఎవరితో పడదన్నదీ మిగతా వేలమందికి కంఠతా వచ్చు. వాళ్లకి మాత్రం ఈ వేలమంది ఎవరో తెలీదు. స్టార్‌డమ్ అనేది హీరో దగ్గరే ఆగలేదు, గ్రూపులోకీ దిగింది.

మా గ్రూపులో కలెక్షన్ల లెక్కలు పెట్టే అకౌంట్ ఒకటుండేది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీ షేర్లు, చివర్లో బ్రేక్ ఈవెన్‌కి, అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి, ఇంకెంత రావాలన్నది ఒక పట్టికలో పొందిగ్గా పెట్టేవాడు. వేరే హీరోలవాళ్లతో గొడవ వస్తే అందరం ఆ పట్టికే తీసుకెళ్లి మొహాన కొట్టేవాళ్లం. ఒక సినిమా వచ్చింది, పట్టిక రాలేదు. ‘లెక్కలన్న ఎక్కడ?’ అని ఎవరో అడిగారు. ఇంకెవరో వేరేచోట నుంచి లెక్కలు తెచ్చి పెట్టారు, మాట అక్కడితో ముగిసింది. నెలలు గడిచాక నేను వెనక్కి వెళ్లి చూస్తే అతని అకౌంటే లేదు. విసిగిపోయి తీసేసుకున్నాడో, ఉద్యోగం వచ్చిందో, ఇంకేమైందో. అసలు పేరు ఎవరికీ తెలీదు, ఊరూ తెలీదు. అతనో ఆమో కూడా తెలీదు, ‘వాడు’ అని నేనే అంటున్నాను. పట్టిక రాకపోతే తెలిసింది గానీ మనిషి రాకపోతే తెలియలేదు.

నా వాదన ఇక్కడుంది. ఈ గ్రూపుల్ని చెడగొట్టింది ఆన్‌లైన్ కావడం కాదు, ‘నో ఆఫ్ టాపిక్’ అన్న రూలు. మనుషులు దగ్గరయ్యేది అసలు విషయం పక్కకి పోయినప్పుడు. ఫ్లెక్సీ కట్టడానికి పదినిమిషాల పని, దానికి రాత్రంతా తిరిగేవాళ్లు. కర్రలకోసం ఎవరింటికో వెళ్లి, వాళ్ల నాన్న చేత తిట్లు తిని, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, చెల్లెలి పెళ్లి అప్పు గురించి మాట్లాడుకుని. అన్నయ్యకి మిగిలిన ఆ ఇద్దరూ అలా మిగిలినవాళ్లే. ట్యాగ్‌లో అలాంటి సందు లేదు. కర్ర మోయక్కర్లేదు, ఎవరింటికీ వెళ్లక్కర్లేదు. చేయాల్సింది ఎంత తేలికైందో చేసేవాళ్ల మధ్య మాట అంత తగ్గిపోయింది.

మా పిన్ని కూతురు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లింది. మిడ్‌వెస్ట్‌లో చిన్న యూనివర్సిటీ ఊరు, తెలుగు సినిమా ఆడే థియేటర్ మూడు గంటల దూరం. ఇండియాలో రిలీజ్‌కి ముందురోజే అక్కడ ప్రీమియర్లు పడతాయి కదా, ఎవరో కారు తీస్తే పెట్రోలు డబ్బులు పంచుకుని వెళ్లేవారు. అదేం సినిమా అని అడిగితే చెప్పలేదు గానీ, వెనక్కి వస్తుంటే మంచులో కారు ఆగిపోయిన సంగతి, ముందు సీట్లో అబ్బాయి ఇంటికి డబ్బు పంపలేక నాన్నకి అబద్ధం చెబుతున్నానని ఏడ్చిన సంగతి గంటసేపు చెప్పింది. ఆ కార్లో వాళ్లెవరూ తను ఇష్టపడే హీరో అభిమానులు కారట. సినిమా బాగోదని వెళ్లేటప్పుడే తెలుసట!

ఆఫ్ టాపిక్ మూసేస్తే ఆ చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. పగ. మన హీరో గురించి రోజూ మాట్లాడ్డానికి ఏముంటుంది? ఏడాదికో రెండేళ్లకో సినిమా. మధ్యలో గ్రూపుని వెచ్చగా ఉంచేది అవతలి హీరో మీద తిట్లే. ఫ్లాప్ పోస్టర్లు, మార్ఫింగ్ ఫొటోలు, ఇంట్లో ఆడవాళ్లమీద రాతలు. కలిసి తిట్టిన రోజు గ్రూపు ఒక్క కుటుంబంలా ఉంటుంది, అదే దాని ప్రమాదం. 2023 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో, రెండు వేర్వేరు హీరోల అభిమానులైన ఇద్దరు కుర్రాళ్ల మధ్య వాట్సాప్ స్టేటస్ దగ్గర మొదలైన మాటామాటా పెరిగి ఒకరు ఇంకొకరి చేతిలో చనిపోయారు. పేపర్లో చదివి చాలారోజులు నేను గ్రూపు తెరవలేదు. మా ఊరికి దగ్గరే అత్తిలి.

అదే గ్రూపు 2021లో ఏం చేసిందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దెబ్బ. ఒక రాత్రి ఎవరో ‘గుంటూరులో ఆక్సిజన్ బెడ్ కావాలి, మా నాన్నకి, ప్లీజ్’ అని పెట్టారు. రూలు ప్రకారం తీసేయాలి. అడ్మిన్ తీయలేదు, పిన్ చేశాడు. తెల్లారేసరికి గ్రూపు రూపే మారిపోయింది. కర్నూలులో ఓ నెగెటివ్, వరంగల్‌లో సిలిండర్, రాజమండ్రిలో ప్లాస్మా. రెండు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఇదే జరిగింది. చిరంజీవి ట్రస్టు ఆ మేలో జిల్లాల్లో ఆక్సిజన్ బ్యాంకులు తెరిస్తే వాటిని నడిపించింది ఊళ్లలోని అభిమానులే, 1998లో రక్తనిధి పెట్టినప్పట్నుంచీ రక్తమిచ్చేదీ వాళ్లే కదా. మా గ్రూపు ఆయనది కాదు, అయినా మా దగ్గరా అదే. మొదటిసారి ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరిది ఏ బ్లడ్ గ్రూపో బయటపడింది. వచ్చిన నంబర్లకి ఫోన్ చేసి, నిజంగా బెడ్లున్నాయో లేదో కనుక్కునే పని నేను తీసుకున్నాను. టైపు చేసే ఓపిక లేక వాయిస్ నోట్ పెట్టాను. పది సెకన్లు గ్రూపులో చప్పుడు లేదు. తర్వాత ఒకడు ‘అక్కా, నువ్వు అన్నం తిన్నావా?’ అన్నాడు. ఇన్నేళ్లలో నా గురించి ఆ గ్రూపులో ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇన్‌బాక్స్‌లో చెత్త మెసేజ్‌లు రాలేదా అంటే, వచ్చాయి. రెండువైపులా చెబుతున్నాను.

కేసులు తగ్గాక పెద్ద గ్రూపులో రూలు మళ్లీ వచ్చింది. ఆ పనిలో కలిసినవాళ్లం ఒక చిన్న గ్రూపుగా మిగిలాం, పదిమందిలోపే. అందులో హీరో ప్రస్తావన వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒకాయన కొత్తిమీర రేటు మీద రోజూ ఏడుస్తాడు. ఒకమ్మాయి బీఈడీ పరీక్షకి చదువుతోంది. మొన్నో సినిమా ఘోరంగా పోయినప్పుడు ఒకరికొకరు చెప్పుకోలేక రెండ్రోజులు ఎవరూ ఏం మాట్లాడలేదు, మూడోరోజు మళ్లీ కొత్తిమీర. ఒకరు రెండు రోజులు కనపడకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

‘ఫోన్ పక్కన పడేస్తే అన్నీ సర్దుకుంటాయి, మన దేశంలో ఒంటరితనం ఏంటి, అదంతా అమెరికా వాళ్ల జబ్బు’ అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ధనిక దేశాల్లో ఇది 11 శాతం ఉంటే పేద దేశాల్లో 24 శాతం. అన్నిటికంటే ఎక్కువ బాధపడేది టీనేజీ పిల్లలు. కాబట్టి ఉమ్మడి కుటుంబాల కబుర్లు కాసేపు ఆపొచ్చు. ఫోన్ పక్కన పడేస్తే ఎవరున్నారని ఆ పిల్లలు ఎటు తిరగాలి?

2024 జనవరిలో తమిళనాడు కరూర్ జిల్లా నుంచి ముగ్గురు ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇంట్లో చెప్పకుండా బయల్దేరారు. విశాఖపట్నం వెళ్లి, అక్కడ ఓడెక్కి, కొరియా చేరి అక్కడి పాటల బృందం బీటీఎస్‌ని చూడాలని. చేతిలో 14 వేలు. కాట్పాడి స్టేషన్లో పోలీసులకి దొరికారు. అందరూ 14 వేలకి కొరియా ఏంటని నవ్వారు, కొరియన్ పాటల్ని తిట్టారు. నాకు ఆ వార్తలో కొరియా కంటే ‘ముగ్గురు’ అన్నదే పెద్దగా కనపడింది. పదమూడేళ్ల వయసులో ఇంత పిచ్చి ప్లాన్‌ని గుట్టుగా ఉంచి, డబ్బులు కూడబెట్టి, ఒకరినొకరు నమ్మి రైలెక్కారు. ఆ బీటీఎస్ లేకపోతే ఆ ముగ్గురికీ అంత స్నేహం కుదిరేదా? ఇంటికి తీసుకొచ్చాక పెద్దవాళ్లు ముందు చేసే పని ఏమిటో అందరికీ తెలుసు: ‘దానితో మాట్లాడకు.’ పాటలు వినొద్దన్నా ఏమోగానీ, ఇది మాత్రం చేయకూడని పని.

అందుకని మా అడ్మిన్‌తో నేను చాన్నాళ్లుగా పోట్లాడుతున్నాను, వారానికి ఒక్కపూటైనా ఆఫ్ టాపిక్ వదలమని. ‘అక్కా, రీచ్ పడిపోతుంది’ అంటాడు. పడిపోతుంది, నిజమే. అతని బాధా అర్థమవుతుంది. అంతమందిని పోగేసింది అతను, వాళ్లు తగ్గితే హీరో టీమ్ వాళ్లు అతని ఫోన్ ఎత్తరు. చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నాడు: కొత్తగా చేరినవాళ్లు ఇష్టమైతే పేరు, ఊరు రాయొచ్చు. రాయనివాళ్లని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ఎవరూ అడగకూడదు, అడిగితే గ్రూపులోంచి తీసేయాలి అన్న షరతు నేను పెట్టించాను. మొదటివారం రాసినవాళ్లలో సగంమంది ఊరి పేరు బదులు థియేటర్ పేరు రాశారు. ఒక థియేటర్ దగ్గర మాత్రం గొడవైంది. అదే పేరుతో నాలుగు ఊళ్లలో హాళ్లున్నాయట. ఎవరిది ఒరిజినలో తేలక అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. అడ్మిన్ ఆపమని రెండుసార్లు మెసేజ్ పెట్టాడు, మూడోసారి తనే వాళ్లూరి థియేటర్ గురించి మొదలుపెట్టాడు.